జ్ఞానులను గౌరవించు విధము



దిండి రేవున నిలిచి పడమటికి చూచినచో ఎదుట చించినాడ, నడుమ వసిష్ఠ గోదావరి. వంతెన మీద బండ్లు పోవుచుండును; క్రింద యాత్రికుల పడవ యిండ్లు తేలుచుండును; ఒడ్డు పొడుగునను కొబ్బరితోటలు. ఈ పాయకు పేరిచ్చినవాడు దేశము నేలిన రాజు కాడు, దండు నడపిన సేనాని కాడు. ఆశ్రమమున కూర్చుండి శిష్యులకు చదువు చెప్పిన ఋషి. గోదావరి సముద్రమును చేరబోవుచోట సప్తర్షులు దానిని ఏడు పాయలుగా చీల్చి, తలకొక పాయను తోడ్కొనిపోయిరని మన పెద్దలు చెప్పు గాథ. గౌతమి గౌతమునిది, కౌశిక విశ్వామిత్రునిది, భారద్వాజ, ఆత్రేయ, జమదగ్ని ఆయా ఋషులవి. వైనతేయ మాత్రము గరుత్మంతుని పేరు దాల్చినది. ఆ యేడు సాగర సంగమములందును స్నానము చేయుటకు సప్తసాగర యాత్ర యని పేరు. ఏడింటిలో కొన్ని నేడు పూడి మురుగుకాలువలైనవి. కొన్నిటికి పేరొక్కటే మిగిలినది. అయినను తత్త్వము చెప్పినవారి పేర్లతో నీటిని పిలుచుకొను నేల మనది. పిల్లవాడు మాటలు నేర్చుటతోడనే ఋషి నామమును నేర్చుచున్నాడు.

అట్టి నేల మీదనే, 2022వ సంవత్సరము మే నెల 24వ తేదీని, ఒక తత్త్వవేత్త పేరు జిల్లాకు పెట్టుటను గూర్చి నిప్పు రగిలినది. ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా యేర్పడెను. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా యని పేరు మార్చుటకు ప్రభుత్వము ప్రాథమిక ప్రకటన వెలువరించి, ఆక్షేపణలు తెలుపుకొనుటకు 30 దినముల గడువిచ్చెను. ఆరు దినములు గడచునంతలో అమలాపురమున ఒక మంత్రి గృహమును, ఒక శాసనసభ్యుని గృహమును దగ్ధములయ్యెను, బస్సులు తగులబడెను. ఆగస్టు 2న తుది ప్రకటన వెలువడెను. పేరు నిలిచినది. మంటలారినవి. ఆ మంటలు పుట్టిన చోటు మాత్రము ఆరినదో లేదో మన మనస్సులనే అడుగవలెను.

తన వ్యాజ్యమునకు తానే న్యాయాధిపతి కారాదని మా వృత్తిలో మొదటి పాఠము. ఈ వ్యాజ్యమున మనమందరము ఏదో యొక పక్షమునకు చుట్టములమే. కావున తీర్పునకు తొందరపడక, మన కులములతోను మన గొడవలతోను ఏ సంబంధమును లేని ఒక దూరదేశమునకు పోయి, అచటి జనులు తమ జ్ఞానులను ఎట్లు గౌరవించిరో, ఆ గౌరవముతో వారెట్టి తగవులు పడిరో ముందు చూచి వత్తము.

చీనాదేశమున కన్ఫ్యూషియస్ మహాశయుడు క్రీస్తుకు పూర్వము 551లో జన్మించి 479లో గతించెనని లెక్క. జీవించియున్నంత కాలము ఆయన మాట విన్న ప్రభువు లేడనియే చెప్పవచ్చును. ఒక రాజ్యము నుండి మరియొక రాజ్యమునకు తిరిగి తిరిగి, తుదకు స్వగ్రామమగు చూఫూ చేరి, శిష్యులకు చెప్పుకొనుచు కాలము వెళ్లబుచ్చెను. గతించిన పిమ్మట ఆయన యిల్లే ఆలయమయ్యెను. క్రీ.శ. 630లో తాంగ్ వంశపు చక్రవర్తి ప్రతి మండలమునందలి పాఠశాలలోను ఆయనకొక ఆలయముండవలెనని శాసించెను. ఆ ఆలయమున కన్ఫ్యూషియస్ ఒంటరిగా ఉండడు. ఆయన కిరువంకల నలుగురు సహచరులు: యాన్ హుయి, జెంగ్ జి, జీ సీ, మెన్షియస్. వారికి దిగువ పన్నిద్దరు తత్త్వవేత్తలు. ఇరు ప్రక్కల వసారాలలో పూర్వ విద్వాంసులు, శాస్త్ర వ్యాఖ్యాతలు వరుసలు తీరి యుందురు. వసంతమునను శరత్తునను సంగీతముతో, నృత్యముతో అర్చన జరుగును. ఎద్దు, పంది, గొఱ్ఱె నివేదింపబడెడివి. ఈ భాగము మన మనస్సునకు రుచించునది కాదు, దానిని దాటిపోదము. ముఖ్యమైన మాట యేమనగా, శాస్త్రము ననుసరించి అది గురువునకు కృతజ్ఞత తెలుపుకొను కర్మయేగాని, దైవమును వరమడుగు పూజ కాదు. పరీక్షకు పోవు పిల్లలు మాత్రము నేటికిని ఆ యాలయములలో తమ కోరికలను చిన్న పలకలపై వ్రాసి వ్రేలాడదీయుచుందురు. మన అయినవిల్లి సిద్ధివినాయకుని సన్నిధిని కలములు పూజ చేయించి విద్యార్థులకు పంచుట యెరిగినవారికి ఇది వింత కాదు. పిల్లల భయము అన్ని దేశములందును ఒక్కటే.

ఆ పన్నిద్దరిని గూర్చి కొంత చెప్పవలెను, ఏలయన మాకు అన్నింటికన్న ఆశ్చర్యము గొల్పినది వారి యెన్నికయే. వారందరును దోషరహితులని అనుకొందురేమో! వారిలో జాయ్ వో యను శిష్యుడు పగటి నిద్రకు గురువుచేత తీవ్రముగా నిందింపబడినవాడు. రాన్ యో యనువాడు ధనికమైన ప్రభు కుటుంబమున కొలువు చేసి, ప్రజల నుండి పన్నులు పిండుటకు తోడ్పడెనని గురువునకు ఆగ్రహము వచ్చి, వీడు నా శిష్యుడు కాడని, వీనిని బాహాటముగా ఎదిరింపుడని తక్కిన శిష్యులతో చెప్పెనట. అట్టివారును ఆ మందిరమున గురువు ప్రక్కనే యున్నారు. వారిని గురువు నిందించిన మాటలును గ్రంథమున అట్లే యున్నవి. ఒకదానిని చూచి మరియొకదానిని చెరిపివేయలేదు. మన దేశమున అట్లు జరుగునా? ఒకనికి విగ్రహమెత్తితిమా, ఆ మరునాటినుండి అతని జీవితచరిత్రలో సగము పుటలు చించివేయవలసినదే. కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ స్వీయచరిత్రమును వ్రాసికొనిరి గనుక సరిపోయినది. ఆ పని భక్తుల చేతిలో పడియున్నచో ఆయన కోపమును, పట్టుదలను, వ్యాజ్యములను మనము చూచియుండము.

ఆ పన్నిద్దరిలోనే జోంగ్ గోంగ్ యను నతడున్నాడు. తండ్రి హీనస్థితి గలవాడని ప్రతీతి. తండ్రిని బట్టి కుమారుని త్రోసివేయరాదని గురువు తెగవేసి చెప్పెను. అంతటితో ఊరకుండక, దేశమునేలుటకు తగినవాడని మెచ్చుకొనెను. యాన్ హుయి పరమ దరిద్రుడు, గురువునకు ప్రాణతుల్యుడు, నడిప్రాయము రాకమునుపే గతించెను. ఆతడు నేడు ఆలయమున సహచరులలో మొదటివాడు. ఇచట ఒక చిక్కు కలిగినది, న్యాయవాదులకు నవ్వు పుట్టించునది. యాన్ హుయి తండ్రియు, జెంగ్ జి తండ్రియు సహితము కన్ఫ్యూషియస్ శిష్యులే. వారికి వసారాలోనే చోటు దొరికెను. కొడుకులు లోపలి మందిరమున కూర్చుండి నైవేద్యము స్వీకరించుచుండ, తండ్రులు వెలుపల నుండుట ఎట్లు? పితృభక్తిని ప్రథమ ధర్మముగా బోధించిన మతమున ఇంతకు మించిన ఇరకాటము కలదా? కొన్ని శతాబ్దులు వాదించి వాదించి, తుదకు 1530లో తండ్రులకు వేరొక మందిరమును కట్టి తగవు తీర్చిరి.

ఆ 1530వ సంవత్సరము మన చెవికి సోకవలసిన సంవత్సరము. జియాజింగ్ చక్రవర్తి, ఆయన మంత్రి జాంగ్ త్సుంగ్ కలిసి దేశమందలి ఆలయములనుండి కన్ఫ్యూషియస్ ప్రతిమలను తొలగించిరి. వాని స్థానమున కొయ్య ఫలకములు నిలిపిరి. వానిపై పేరు మాత్రమే. చూఫూలోని ఆలయమున మాత్రము ప్రతిమలు నిలిచెను. క్రీ.శ. 739 నుండి ఆయనకున్న రాజబిరుదమును తీసివేసి, పరమజ్ఞాని, ప్రథమ గురువు అని మాత్రమే వ్రాసిరి. వారు చెప్పిన హేతువు సులభమైనది. ఆయన ముఖమును చూచినవాడెవడును లేడు. ఊరి కొక ముఖము, శిల్పి కొక గడ్డము. ఇది గురువునకు మ్రొక్కుటయా, మట్టికి మ్రొక్కుటయా? ఆయన రాజు కాడు. కాని రాజబిరుదమును తగిలించుట ఆయనను పెంచుటయా, తగ్గించుటయా?

ఇట్లు విని మన సమాజస్థులు సంతోషింతురు. అయితే రికార్డు పూర్తిగా చదువవలెను. ఆ చక్రవర్తి మనస్సు నిర్మలమైనది కాదు. తన తండ్రికి చక్రవర్తి గౌరవములు కావలెనని విద్వాంసులతో ఏండ్ల తరబడి పోరాడినవాడు. ఎదిరించిన ఉద్యోగులను కొరడాలతో కొట్టించినవాడు. విద్వాంసుల గురువునకు సింహాసనముతో సమానమైన బిరుదముండుట ఆయనకు కంటకమయ్యెనని చరిత్రకారులు తలంతురు. అయినను, చెడు మనస్సుతో వ్రాసిన ఉత్తరువు మంచిదైనచో అది మంచిదేయని మా యభిప్రాయము. వాదియొక్క ఉద్దేశము వేరు, దావాయొక్క న్యాయము వేరు.

సరిగా మున్నూరు సంవత్సరములకు, 1830 జనవరి 8న, కలకత్తాలో రాజా రామమోహన రాయలు తమ ప్రార్థనామందిరమునకు ధర్మకర్తృత్వ పత్రము వ్రాయించిరి. అందున్న ఒక షరతు మనమెల్లరము ఎరిగినదే: మందిరమున విగ్రహము గాని, చిత్తరువు గాని, పటము గాని ఉండరాదు. దాని వెనువెంటనే యున్న మరియొక షరతును మనవారు అంతగా తలచుకొనరు: ఇతరులు పూజించు ఏ వస్తువును, చరమైనను అచరమైనను, ఆ మందిరమున నిందింపరాదు. ఈ రెండవ షరతు మొదటిదాని కంటె కష్టమైనదని మా అనుభవము. విగ్రహమును పెట్టకుండుట ఒకసారి చేయు పని. నాలుకను అదుపులో నుంచుట నిత్యకృత్యము. మన సమాజమే ఈ గురుభక్తి తగవును ఎదుర్కొనవలసి వచ్చినది. 1868లో మోంఘీరులో కొందరు భక్తులు కేశవచంద్రసేనుల పాదములపై పడుట చూచి, విజయకృష్ణ గోస్వామి ఇది నరపూజ యని బహిరంగముగా ఆక్షేపించిరి. విగ్రహము లేని మందిరమునకును ఆ జాడ్యము తలుపు సందునుండి రాగలదు.

చీనా ఆలయమునకు మరలుదము. ప్రతిమల మాట అటుంచుడు. ఆలయమున ఎవరుండవలెనన్నది అచట రెండువేల యేండ్లు నడచిన వ్యాజ్యము. చోటు దొరకుటకు విన్నపములు, ప్రతివాదములు, రాజశాసనములు. దొరికిన చోటును పోగొట్టుకొనుటకును అట్టివే. వాంగ్ ఆన్‌షి యను మంత్రిని 1104లో మెన్షియస్ సరసనే నిలిపిరి. 1126లో వసారాలోనికి దించిరి. 1241లో మొత్తముగా తీసివేసిరి. ఆ 1241లోనే జూ షీ యను మహావ్యాఖ్యాతకు చోటు లభించెను. ఈ జూ షీ బోధ ఆయన యంత్యదశలో దొంగ విద్యయని నిషేధింపబడియుండెను! 1712లో ఆయన పన్నిద్దరి వరుసకు ఎక్కెను. మానవ ప్రకృతి పుట్టుకతో చెడ్డదని వాదించిన షున్ జి 1530లో వెడలగొట్టబడెను. వాంగ్ యాంగ్‌మింగ్ 1584లో ప్రవేశించెను.

అన్నింటికన్న చెప్పదగినది మెన్షియస్ కథ. రాజు కంటె ప్రజలు గొప్పవారని, ప్రజలను పీడించువాడు రాజనిపించుకొనడని ఆయన సిద్ధాంతము. మింగ్ వంశ స్థాపకుడగు హోంగ్వు చక్రవర్తి ఆ గ్రంథమును చదివి మండిపడి, 1372లో ఆయన ఫలకమును తీసివేయించెను. అడ్డు చెప్పినవానికి మరణదండన యని శాసించెనట. అప్పుడు న్యాయశాఖ మంత్రి చియెన్ తాంగ్ ఱొమ్ముపై వస్త్రమును తొలగించుకొని, మెన్షియస్ కొరకు చచ్చుట తనకు కీర్తియేయని దర్బారునకు వచ్చి నిలిచెనని కథ చెప్పుదురు. మరుసటి సంవత్సరమే ఫలకము తిరిగి వచ్చెను. న్యాయవాద వృత్తిలో నున్న మేము ఈ కథను కొంత గర్వముతో చెప్పుకొనుచున్నామని మీరు గ్రహించియే యుందురు. కాని చక్రవర్తి ఊరకుండలేదు. 1394లో మెన్షియస్ గ్రంథమునుండి 85 ఖండికలను కొట్టివేయించి, మిగిలినదానిని అచ్చువేయించెను. చూచితిరా! ఫలకమునకు నైవేద్యము పెట్టుటకు ఆయనకు అభ్యంతరము లేదు. ఆయనను బాధించినవి ఆ 85 ఖండికలు. రాజులు ఎరుగుదురు, జ్ఞాని యెక్కడ నివసించునో.

ఈ యేర్పాటులో లోపములు లేకపోలేదు. అన్ని శతాబ్దులలో ఆ యాలయమున స్త్రీకి చోటు దొరకలేదు. మెన్షియస్‌ను పెంచి విద్యాబుద్ధులు చెప్పించిన తల్లి కథ ప్రతి బాలుని నోటను ఉన్నను ఆమె పేరు ఆ వరుసలలో లేదు. మరియు, గురువు వంశీయులకు 1055 నుండి 1935 వరకు వంశపారంపర్యముగా ప్రభు బిరుదమును, భూములను ఇచ్చిరి. తండ్రిని బట్టి కుమారుని త్రోసివేయరాదన్న వాని పేరిట, తండ్రిని బట్టి కుమారుని నెత్తికెక్కించుకొనిరి! గౌరవము ప్రభుత్వము చేతిలో నుండుటవలన, ప్రభుత్వము మారినపుడెల్ల గౌరవమును మారెను. 1905లో ప్రాచీన పరీక్షలు రద్దయ్యెను. 1966 నవంబరులో ఎఱ్ఱ దళముల యువకులు చూఫూ చేరి ప్రతిమను పగులగొట్టిరి, సమాధులను త్రవ్విరి. నేడు మరల ప్రతి సెప్టెంబరు 28న అదే ఊరిలో అధికారుల సమక్షమున ఉత్సవము. తైవానులో ఆ దినము ఉపాధ్యాయ దినోత్సవము. మనము 1962 నుండి సర్వేపల్లి రాధాకృష్ణ పండితుల జన్మదినమగు సెప్టెంబరు 5న చేసికొనునట్టిదే. పగులగొట్టిన దినమునను, పూలు చల్లిన దినమునను, ఆ గ్రంథమును ఎందరు విప్పిరన్న ప్రశ్నకు జవాబు దొరకదు.

మరి మన మాట.

చీనావారు మన గోదావరీ కృష్ణా తీరములకు జ్ఞానమును వెదకికొనుచు వచ్చిన కాలమొకటి కలదు. హ్యూయెన్‌త్సాంగ్ యాత్రికుడు కన్ఫ్యూషియస్ శాస్త్రములు చదివిన కుటుంబమున పుట్టి, బౌద్ధుడై, ఏడవ శతాబ్దమున ధాన్యకటకమునకు వచ్చి మన భిక్షువుల వద్ద చదువుకొనెను. వేంగి ప్రాంతమున దిఙ్నాగాచార్యుని స్మృతిని వ్రాసికొని పోయెను. మన రాజోలు ప్రాంతమునకు చేరువనే, ఆదుర్రులో, బౌద్ధ స్తూపపు ఇటుకలు నేటికిని కలవు. అచట బోధించిన ఆచార్యులలో ఒక్కని పేరైనను మన నోట లేదు. కాలువ త్రవ్విన దొరను మరువలేదు. 1847 నుండి 1852 వరకు ధవళేశ్వరపు ఆనకట్టను కట్టించిన సర్ ఆర్థర్ కాటన్‌కు డెల్టా యందంతటను విగ్రహములున్నవి, మే 15న మాలలు పడుచున్నవి. ఆయన పర మతస్థుడు, పర దేశీయుడు. అయినను ఈ నేల ఆయనను తన వానిగా చేసికొన్నది. అనగా కోనసీమ హృదయము సంకుచితమైనదని ఎవరును అనజాలరు.

అట్లయిన 2022లో ఏమయినది? ఆక్షేపించినవారి వాదమును న్యాయముగా చెప్పవలెను. కోనసీమ యన్న పేరు ప్రాచీనము, మధురము. దానికి ముందు మరియొక పేరెందుకు అనిరి. ఈ వాదమును అర్జీగా వ్రాసి పంపిన వానికి చట్టమున పూర్తి హక్కు కలదు. ముప్పది దినముల గడువు అందుకొరకే. కాని ఆ వాదమును మేమొక పరీక్షకు పెట్టుచున్నాము. ఆ 2022 ఏప్రిల్ 4ననే అల్లూరి సీతారామరాజు జిల్లా, ఎన్.టి.ఆర్. జిల్లా, అన్నమయ్య జిల్లా, శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడెను. నెల్లూరునకు ముందు పొట్టి శ్రీరాములుగారి పేరు అంతకు మునుపే చేరియున్నది. ఏ చోటను గృహదహనములు జరుగలేదు. ఊరి పేరునకు ముందు వ్యక్తి పేరుండుటయే దోషమైనచో, అది అన్ని చోట్లను దోషము కావలెను. ఒక్క చోటనే దోషమైనచో, దోషము పేరుండుటలో లేదు, ఆ పేరులో నున్నది. ఆ పేరులో దోషమేమి? కొలంబియా విశ్వవిద్యాలయమునందును లండనునందును చదివి, రాజ్యాంగ రచనా సంఘమునకు అధ్యక్షుడై, బుద్ధుని ధర్మమును గూర్చి గ్రంథము వ్రాసిన పండితుని పేరులో? మనము బిగ్గరగా చెప్పని జవాబు ఒక్కటే: పుట్టుక.

ఇప్పుడు ఈ నదిని చూడుడు. వసిష్ఠుడు ఊర్వశి మూలమున పుట్టెనని ఋగ్వేదమే సాక్ష్యమిచ్చుచున్నది. ఆయన భార్య అరుంధతి. ప్రతి వివాహమునందును పురోహితుడు వధూవరులను వాకిటికి తెచ్చి ఆకాశమున ఆమెనే చూపుచున్నాడు. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున, నీచయోనిని బుట్టిన అక్షమాల వసిష్ఠుని చేపట్టి పూజ్యురాలయ్యెనని యున్నది. అక్షమాల అరుంధతికే మారుపేరని వ్యాఖ్యాతలు చెప్పుదురు. ఆమె పూజ్యత భర్తృ సంబంధమువలన వచ్చినదని స్మృతికారుని తాత్పర్యము. ఆ వాదమును మేమంగీకరింపము, కాని సాక్ష్యమును విడిచిపెట్టము. మన తెలుగుదేశమున మాదిగ సోదరులు తమను అరుంధతీయులని చెప్పుకొనుచున్నారు; ఆమె తమ యింటి ఆడుబిడ్డ యని వారి నమ్మకము. కావున వసిష్ఠ గోదావరిలో మునిగి సంకల్పము చెప్పుకొని, అరుంధతికి నమస్కరించి పెండ్లి చేసికొని, అంబేద్కర్ పేరు విని అగ్గిపుల్ల గీయువాడు ఏ శాస్త్రము ననుసరించుచున్నాడో మాకు తెలియలేదు.

ఇంతవరకు విని మనలో కొందరు, మేమా మూకలో లేము, మేము చదువుకొన్నవారము, సంస్కారులము అని ఊపిరి పీల్చుకొందురు. వారికొక చరిత్ర చెప్పవలసియున్నది. 1936లో లాహోరులో కులనిర్మూలనమునకే యేర్పడిన జాత్ పాత్ తోడక్ మండలివారు తమ వార్షిక సభకు అంబేద్కర్‌ను అధ్యక్షునిగా పిలిచిరి. వారు సంస్కారులే, విద్యావంతులే, మనవంటి వారే. ఆయన ఉపన్యాసమును ముందుగా చదివి చూచి, శాస్త్రములను గూర్చిన మాటలు కొన్ని తీసివేయుడని కోరిరి. ఆయన ఒక్క అక్షరమైనను మార్చనని చెప్పెను. సభయే రద్దయ్యెను. ఆయన దానిని తన సొమ్ముతో అచ్చువేయించెను. హోంగ్వు చక్రవర్తి 85 ఖండికలను కొట్టివేసినాడని కొంతసేపటి క్రిందట మనము నవ్వితిమి. లాహోరున కత్తెర పట్టినది చక్రవర్తి కాదు.

రెండవ పక్షమునకును ఒక మాట. మన పల్లెలలో ఆయన విగ్రహము ఎక్కడ నున్నదో చూడుడు: సాధారణముగా పేట మొగమున, కొన్ని చోట్ల ఇనుప ఊచల నడుమ. ఆ ఊచలు ఎందుకు వచ్చెనో అందరికిని తెలియును. వానికి సిగ్గుపడవలసినవారు పేటవారు కారు. ఊరి వారు అటు పోరు, అది వారి దేవుడందురు. పేటవారును, అవమానములు పడి పడి, అవును మా దేవుడే యందురు. ఇట్లు ఇరువురును కలిసి దేశమునకు చట్టము వ్రాసిన వానిని ఒక వీథికి దేవుని చేసిరి. ఆయన దేవుడగుటకు ఒప్పుకొనినవాడు కాడు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో, రాజకీయములలో వ్యక్తిపూజ దేశమును పతనమునకు నడుపునని హెచ్చరించినవాడు ఆయనయే. పేటలోని యువకులలో ఆయన గ్రంథములను చదివి, చర్చించి, కొన్ని చోట్ల ఆయనతోనే విభేదించువారిని మేమెరుగుదుము. మాలవేయుటకు వచ్చు నాయకులకంటె వారి వలననే ఆయనకు గౌరవము కలుగుచున్నదని మా నమ్మకము.

పేరుంచుట ప్రభుత్వము పని, అది అయినది. విగ్రహములుంచుటయా మానుటయా యన్నది విగ్రహములున్నవారి యిష్టము. రామమోహనుల రెండవ షరతు మనలను ఆ విషయమున నోరెత్తనీయదు. మనకు మిగిలిన పని యొకటి కలదు. చీనా ఆలయమున జాయ్ వోను నిందించిన మాటలు నిలిచియున్నట్లు, మెన్షియస్ ఖండికలకు ఒకడు ఱొమ్ము చూపినట్లు, ఈ గ్రంథములను పూర్తిగా, కత్తెర లేకుండ, ఊరివారును పేటవారును ఒక్కచోట కూర్చుండి చదువుట. వచ్చు ఏప్రిల్ 14న దిండిలో అట్టి పఠనము ఆరంభింపవలెనని మా తలంపు. మొదట లాహోరు వద్దన్న ఉపన్యాసము. అటుపిమ్మట వీరేశలింగము పంతులుగారి వితంతు వివాహ వ్యాసములు. పిదప ఎవరు కోరిన గ్రంథమైనను. మాలలు తేవలదు. గ్రంథమున నచ్చని చోట లేచి చెప్పుటకు ప్రతివానికిని హక్కుండును. చదువువారు పేటనుండి వత్తురు. ఆ మాట మేము అడిగి యుంటిమి, వారు ఒప్పుకొనిరి. గ్రంథాలయపు గది చిన్నది, నలువదిమందికి మించి పట్టరు. పెద్ద వీథిలో విశాలమైన వసారాలు గల యిండ్లు మన సమాజ మిత్రులవి ఐదారు కలవు. పేటవారు చెప్పులు విడిచి మెట్లెక్కి లోపల చాపమీద కూర్చుండి చదువుదురు. ఇంటివారు వారికి కాఫీ ఇయ్యవలెను, తమ గ్లాసులతోనే. ఏ యింటి వసారాయో ఈ సభ ముగియకమునుపే తెలిసినచో మేలు.